చిన్న బడిపై ఊరి మాట వినేదెవరు?

న్యూఢిల్లీ: పల్లెల్లోని తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదని, అందువల్లనే పిల్లలను బడికి పంపడంలేదని అధికార వర్గాలలో చాలాకాలం పాటు ఒక అభిప్రాయం పాతుకుపోయి వుండేది. 1999లో వెలువడిన 'ప్రోబ్' నివేదిక ఈ అభిప్రాయాన్ని తోసిపుచ్చి, గ్రామీణ పాఠశాలపై తల్లిదండ్రులు ఏమంటున్నారో దేశం ముందుంచింది. విద్యార్థుల సంఖ్య తక్కువగా వుందన్న కారణంతో పలు రాష్ట్రాలు చిన్న పాఠశాలలను పొరుగు పాఠశాలల్లో విలీనం చేస్తున్న నేపథ్యంలో ఆ మాటలకు మళ్ళీ ప్రాధాన్యం ఏర్పడింది.

జాన్ డ్రెజ్, అనురాధా డే తదితర పరిశోధకులు 1996లో బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రాల గ్రామాలలో ఈ సర్వే జరిపించారు. మగపిల్లలకు చదువు అవసరమని 98 శాతం మంది, ఆడపిల్లలకు అవసరమని 89 శాతం మంది తల్లిదండ్రులు చెప్పారు. వారి అసంతృప్తి చదువుపై కాదు, బడి నడుస్తున్న తీరుపైనే. సర్వే బృందాలు ముందుగా చెప్పకుండా వెళ్ళినప్పుడు దాదాపు సగం పాఠశాలల్లో బోధన జరగడంలేదు. ఉపాధ్యాయుడు రాకపోవడం, వచ్చినా పాఠం చెప్పకపోవడం తల్లిదండ్రుల ప్రధాన ఫిర్యాదులు.

'ఉచిత' విద్యకు సైతం ఖర్చు తప్పడంలేదని కూడా సర్వే వెల్లడించింది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒక్కో బిడ్డపై పుస్తకాలు, దుస్తులు, రుసుముల నిమిత్తం తల్లిదండ్రులు నాడు ఏటా సగటున 318 రూపాయలు వెచ్చించేవారు. రోజు కూలిపై బ్రతికే కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. అంత ఖర్చుచేసి పంపిన బిడ్డకు అక్షరం రాకపోతే బడి మాన్పించడాన్ని నిర్లక్ష్యంగా భావించడం సరికాదన్నది నివేదిక సారాంశం.

హిమాచల్ అనుభవం

పాఠశాల చిన్నదైనంత మాత్రాన చదువు కుంటుపడాలని లేదనడానికి హిమాచల్ ప్రదేశ్‌ను ఇదే నివేదిక ఉదాహరణగా చూపింది. కొండలలో చెల్లాచెదురుగా వున్న చిన్న గ్రామాలు కావడంతో అక్కడి బడులూ చిన్నవే. అయినప్పటికీ పిల్లల హాజరులోను, బాలికల చదువులోను ఆ రాష్ట్రం మిగిలిన నాలుగు రాష్ట్రాల కంటే ఎంతో ముందుండేది. ప్రభుత్వం బడులపై నిలకడగా శ్రద్ధ వహించడం, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు పరస్పరం సహకరించుకోవడం ఇందుకు కారణాలుగా నివేదిక పేర్కొన్నది.

అడిగితే బడి

ఊరివారి కోరికే ప్రాతిపదికగా పాఠశాలలు తెరిచిన పథకం మధ్యప్రదేశ్‌లో 1997 జనవరి 1న ప్రారంభమైంది. దిగ్విజయ్ సింగ్ ముఖ్యమంత్రిగా వున్నపుడు వచ్చిన ఈ విద్యా హామీ పథకం ప్రకారం, కిలోమీటరు దూరంలోపు బడిలేని నివాస ప్రాంతంలో 40 మంది పిల్లలుంటే తల్లిదండ్రులు పాఠశాల కోరవచ్చు. గిరిజన ప్రాంతాలలో 25 మంది చాలు. కోరిన 90 రోజులలోగా ప్రభుత్వం మంజూరు చేయాలి. స్థానికంగా ఎంపికైన 'గురూజీ' పాఠాలు చెప్పేవారు. కొద్ది సంవత్సరాలలోనే ఇటువంటి బడులు వేల సంఖ్యలో వెలిశాయి.

అయితే తక్కువ గౌరవ వేతనానికి, అంతంత మాత్రపు శిక్షణతో పనిచేసే గురూజీలను నియమించి, పేదల పిల్లలకు రెండవ తరగతి విద్యతో సరిపెట్టారన్న విమర్శ కూడా బలంగానే వినిపించింది. పథకంలోని లోపాలు ఏమైనప్పటికీ, తమ వాడకే బడి కావాలని తల్లిదండ్రులు పెద్దసంఖ్యలో కోరారన్నది మాత్రం నిర్వివాదాంశం.

విలీనాల పర్వం

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పొరుగునే బడి వుండాలన్న సూత్రాన్ని ఆమోదించింది. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు వుండాలని నిర్దేశించింది. కాగా 2024-25 అధికారిక గణాంకాల ప్రకారం దేశంలో లక్షా నాలుగు వేలకు పైగా పాఠశాలలు ఒకే ఉపాధ్యాయునితో నడుస్తున్నాయి. వాటిలో దాదాపు 34 లక్షల మంది పిల్లలు చదువుతున్నారు.

ఇటువంటి బడులను కలిపివేస్తే తరగతికో ఉపాధ్యాయుడు, గ్రంథాలయం, మెరుగైన వసతులు సమకూరుతాయన్నది ప్రభుత్వాల వాదన. రాజస్థాన్ 2014లో వేలాది పాఠశాలలను విలీనం చేసింది. 50 మంది కంటే తక్కువ పిల్లలున్న బడులను సమీప పాఠశాలలతో జతచేయాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2025 జూన్ 16న ఆదేశించింది. సీతాపూర్ జిల్లా పిల్లలు తల్లిదండ్రుల ద్వారా అలహాబాద్ హైకోర్టును ఆశ్రయించారు. బడి దూరమవుతుందని, ఇది విద్యాహక్కు చట్టానికి విరుద్ధమని వారు వాదించారు. జులై 7న ఏకసభ్య ధర్మాసనం పిటిషన్లను కొట్టివేయగా, జులై 24న డివిజన్ బెంచి ఆ జిల్లాలో యథాతథ స్థితిని కొనసాగించాలని ఆదేశించింది.

మిగిలినవారు ఎవరు?

పల్లె బడులలో సంఖ్య తగ్గడానికి జననాల తగ్గుదలతోపాటు ప్రైవేటు పాఠశాలల ఆకర్షణ కూడా కారణం. స్తోమత గల తల్లిదండ్రులు తమ అసంతృప్తిని పిల్లలను మార్చడం ద్వారా తెలియజేశారు. మిగిలిపోయింది ఫీజులు కట్టలేని కూలీల పిల్లలు, దళిత, గిరిజన కుటుంబాల పిల్లలు, మరీ ముఖ్యంగా ఆడపిల్లలు. కాగితంపై ఒక కిలోమీటరుగా కనిపించే దూరం ఆరేళ్ళ బిడ్డకు వాగు కావచ్చు, రద్దీ రహదారి కావచ్చు. కూలికి పోయే తల్లికి బిడ్డను రోజూ దిగబెట్టి రావడమంటే పూట పని పోగొట్టుకోవడమే.

విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులే వుండాలి. సభ్యులలో సగం మంది మహిళలు కావాలి. బడి పనితీరును పర్యవేక్షించడం, అభివృద్ధి ప్రణాళిక రూపొందించడం, నిధుల వినియోగాన్ని గమనించడం ఈ కమిటీ విధులుగా చట్టం పేర్కొన్నది. బడిని మూసివేసే ముందు కమిటీ అంగీకారం పొందాలన్న నిబంధన మాత్రం ఆ సెక్షన్‌లో కానరాదు. బడి బాగోగులు చూడవలసిన బాధ్యతను తల్లిదండ్రులకు అప్పగించిన చట్టం, అది వుండాలో లేదో చెప్పే అధికారాన్ని మాత్రం వారికి ఇవ్వలేదు.