కాపు వీడిన రేవు

తళ్ళికోట యుద్ధంగా చరిత్ర పుటలకెక్కిన మహాసంగ్రామం 1565 జనవరి 23వ తేదీన జరిగింది. పేరు తళ్ళికోటదే అయినా పోరు జరిగింది అక్కడ కాదు. కృష్ణానదికి ఉత్తరాన, నేటి కర్ణాటక రాష్ట్రంలో ఉన్న ఆ ఊరు దక్కను సుల్తానుల సేనలు కూడిన చోటు మాత్రమే. యుద్ధభూమి నదికి దక్షిణాన ఉన్నది. అందుచేత విజయనగర పతనాన్ని పరిశీలించేవారికి ముందుగా తోచవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: అంతటి సైన్యం కృష్ణను ఎట్లా దాటగలిగింది?

నాడు సింహాసనం సదాశివరాయలది. అధికారం అళియ రామరాయలది. బిజాపూరు, అహమ్మదునగరం, గోల్కొండ, బీదరు సుల్తానులు ఏకమైనారని తెలిసి, రామరాయలు తన తమ్ముడు తిరుమలను రేవుల రక్షణకై పంపినాడు. పెద్ద సేనలు దాటడానికి అనువైన రేవు ఇంగళిగి వద్ద ఉన్నది. దాని దక్షిణపు గట్టున మట్టికట్టలు పోసి ఫిరంగులు నిలిపినారు. వాటికి ఎదురుగా నీటిలో దిగడమంటే చావును కోరి తెచ్చుకోవడమే.

సుల్తానులు ఉపాయాన్ని ఆశ్రయించినారు. చరిత్రకారుడు ఫెరిష్తా కథనం ప్రకారం, వారు వేరొక రేవును వెదకుతున్నట్లు నటిస్తూ మూడు రోజులు నది వెంబడి నడిచినారు. ఆవలి తీరాన విజయనగర సేన కూడా వారితోపాటే కదలింది. ఇంగళిగి రేవుకు కాపు లేకపోయింది. మూడవ నాటి రాత్రి సుల్తానుల దళాలు హఠాత్తుగా వెనుదిరిగి వచ్చి, ఆ రేవులోనే నదిని దాటినాయి.

తరువాత జరిగిన పోరులో రామరాయలు శత్రువులకు చిక్కి శిరచ్ఛేదానికి గురైనాడు. తిరుమల సదాశివరాయలను వెంటబెట్టుకొని పెనుగొండకు తరలిపోయినాడు. రాజధాని కొల్లగొట్టబడింది.

దీనిని కేవలం రెండు మతాల సమరంగా చిత్రించడం చరిత్రకు న్యాయం చేయడం కాదు. బిజాపూరు సుల్తాను అలీ ఆదిల్‌షా అంతకు కొన్ని ఏండ్ల ముందు రామరాయల సాయంతోనే అహమ్మదునగరంపై దండెత్తినాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా సుల్తాను కాకముందు ఏడేండ్లు విజయనగరంలోనే ఆశ్రయం పొందినాడు. తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడినది ఆయననే. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చినాడు.

సుల్తానులను ఒకరిపై ఒకరిని ప్రయోగించడం రామరాయల రాజనీతి. వారు ఎన్నటికీ కలువరన్న ధీమాపై ఆ నీతి నిలిచింది. శత్రువు మరొకచోటనే దాటుతాడన్న ధీమాతో రేవు కాపును వదలినారు. రెండు ధీమాలూ ఒక్క నెలలోనే వమ్మైనాయి. నది ఎంత పెద్దదైనా తనంతట తాను ఏ రాజ్యాన్నీ కాపాడదు.