ఒక్క పుటపై నలువది చేతులు

పటాన్‌చెరువు పారిశ్రామికవాడకు జేరువనున్న ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదవ తరగతికి సాంఘికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుని నొకనిని చదువరులు మనస్సున నూహించుకొందురు గాక. ఆయన యెదుట నలువదిమంది పిల్లలు. అందు కొందరు చుట్టుపట్ల గ్రామముల కాపుల బిడ్డలు. కొందరు బీహారు, ఒడిశా, ఝార్ఖండు సీమలనుండి కర్మాగారముల కూలికి వచ్చినవారి బిడ్డలు. పాఠ్యపుస్తకమున నొకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. ఆయన చేతిలో నున్నది తన సొంత సెల్‌ఫోను. ఎవరి చోటనుండి వారు, ఒకే సమయమున, ఒకే పుటపై వ్రాయగల సాధనములు లోకమున నున్నవని ఆయన విన్నాడు. వానిలో నేది తన తరగతికి బనికివచ్చునో తెలిసికొనగోరుచున్నాడు. ఈ కోరిక చిన్నదిగా గన్పట్టును గాని, దీని వెనుక మన గ్రామవిద్య యొక్క పెద్ద చిక్కులన్నియు బారులుదీరి నిలిచియున్నవి.

ముందుగా నీ సాధనములేవో చెప్పవలయును. 1968 డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను శాస్త్రజ్ఞుడు, సుమారు 30 మైళ్ల దూరముననున్న తన సహచరునితో నొకే తెరపై గలిసి పనిచేసి సభాసదులకు జూపెను. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అను నాయన, వచ్చిన ప్రతివాడును దిద్దగల పుటను గల్పించి దానికి ‘వికీ’ యని పేరిడెను. 2006 నాటికి గూగుల్ సంస్థవారి పత్రములు వచ్చినవి. వీని పని యర్థము కానంతటిది కాదు. నీవు వ్రాసిన అక్షరము దూరముననున్న యంత్రమునకు బోవును. అది అందరి అక్షరములను వరుసలో బెట్టి అందరి తెరలకును బంపును. ఎవ్వరు, ఎప్పుడు, ఏమి వ్రాసిరో, ఏమి తుడిచిరో యంతయు లెక్కగా నిలిచియుండును. ఈ లెక్కయే వీనికి ప్రాణము. ఒకమారు మా కార్యాలయముననే ముగ్గురము నొక వ్యాసమును గలిసి వ్రాయబూనగా, ఒక మిత్రుడు తొందరలో రెండు పేరాలు తుడిచివైచెను. వెనుకటి ప్రతిని దీసికొని వచ్చుటకు నిమిషము పట్టలేదు. మిత్రుని మొగమాటము దీరుటకు మాత్రము వారము పట్టినది.

పలువురు చేరి యొక గ్రంథమును నిర్మించుట మనకు గ్రొత్తయా? తెలంగాణమున దెలుగు కవులు లేరను నపవాదు వచ్చినప్పుడు సురవరము ప్రతాపరెడ్డిగారు 354 కవుల రచనలను సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. ఆ ప్రతాపరెడ్డిగారే అధ్యక్షులుగా 1930లో మొదటి ఆంధ్రమహాసభ జరిగిన జోగిపేట, నేడు సంగారెడ్డి జిల్లాలోనిదే. కొమర్రాజు లక్ష్మణరావుగారు పండితులను గూర్చుకొని ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును దలపెట్టి మూడు సంపుటములు తెచ్చిరి. 1923లో వారు కాలధర్మము నొందుటతో ఆ పని నడుమ నాగిపోయెను. ఒక్క మహనీయుని యూపిరిపై నాధారపడిన కార్యమునకు గలుగు గతి యట్టిది. 2003 డిసెంబరులో బుట్టిన తెలుగు వికీపీడియా, నేడు లక్షకు మించిన వ్యాసములతో నిలిచియున్నదనగా, దానికి గారణము వేతనము గోరక వ్రాయువారు ఒకరి వెంట నొకరు వచ్చుచుండుటయే. వారిలో బడిపిల్ల లెందఱు? ఇది మేమడుగు ప్రశ్న.

ఏలయన, యంత్రముల ద్వారా మన పిల్లలకు విద్య నందింపజూచిన ప్రయత్నములన్నింటను బిల్లవాడు వినువాడుగానే యుండెను. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు టెలివిజను పాఠములు చేరవేయబడినవి, ఆంధ్రప్రదేశ మందొకటి. పిల్లలు చూచిరి, సంతసించిరి, ఇండ్లకు బోయిరి. 2020 మార్చిలో మహమ్మారి వలన బడులు మూతపడినవి. ఆ సంవత్సరము మే 1వ తేదీన లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు బయలుదేరిన మొదటి శ్రామిక రైలులో సుమారు 1200 మంది యెక్కిరి. కందిలో ఐ.ఐ.టి. భవనములను గట్టుచుండిన కూలీలు వారిలో నుండిరి. విద్యాలయమును గట్టిన చేతులు అట్లు వెడలిపోయినవి. సెప్టెంబరు 1 నుండి మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠములు ప్రారంభమైనవి. ఆ కష్టకాలమున నది మెచ్చదగిన పనియే. కాని తెర యడుగును, తెరయే బదులు చెప్పును. సందేహము గలిగిన పిల్ల చేయెత్తినను జూచువారు లేరు. 2021 సెప్టెంబరులో బడులు మరల దెరువబడునప్పటికి, ఇతరులతో గలిసి పనిచేయు నలవాటే కొందరికి దప్పిపోయినదని ఉపాధ్యాయులు చెప్పగా వింటిమి.

కావున మన ఉపాధ్యాయుడు వెదకుచున్నది మఱియొక పాఠము కాదు. పిల్లలు బదులు వ్రాయు చోటు. అట్టి చోటును వెదకునప్పుడు ఆయన కెదురగు మొదటి ప్రశ్న యంత్రశాస్త్రమునకు సంబంధించినది కాదు. ఫోను ఎవరిది? ఇంటికొక్కటే ఫోనున్న కార్మికుని యింట, తండ్రి రాత్రి షిఫ్టునకు బోవునప్పుడు ఫోను ఆయన జేబులో బోవును. ఇంటికి రెండు ఫోనులున్నచో రెండవది కుమారునికి దక్కునుగాని కుమార్తెకు దక్కుట యరుదు. ఇంటిపనిగా నిచ్చిన క్షణముననే సామూహిక సాధనము కొందరి సాధనమై పోవును. అందువలన నీ పని బడిగోడల లోపలనే, బడి యంత్రములపైననే జరుగవలయునని మా యభిప్రాయము. ఇంటర్‌నెట్టు సరిగా నందని చోట నొక చిన్న కంప్యూటరును, ఒక వైఫై పెట్టెను గూర్చి, వికీపీడియాకు నాధారమైన మీడియావికీ యను ఉచిత సాఫ్టువేరును అందు నెలకొల్పినచో తరగతి యంతయు బయటి ప్రపంచముతో బనిలేకయే వ్రాసికొనవచ్చును. ఇందునకు లైసెన్సు రుసుము లేదు.

మఱి యేమి వ్రాయవలయును? ఇక్కడ నొక్క యుదాహరణమును విస్తరించెదము. పటాన్‌చెరువు పరిశ్రమల మలినజలము నక్కవాగున గలిసి మంజీరకు బోవుచున్నదని చుట్టుపట్ల రైతులు మొఱపెట్టుకొనగా, 1990లో సుప్రీంకోర్టునందు వ్యాజ్యము దాఖలైనది. నీరు చెడిన బావులను, పంట చెడిన పొలములను ఈ ప్రాంతపు భూస్వాములెఱుగుదురు. వారి సాక్ష్యము మాకు జెప్పవలసిన పని లేదు. ఇప్పుడొక తరగతిలో ఆరు గ్రామముల పిల్లలున్నారనుకొనుడు. ప్రతి పిల్లయు తన యింటి చేరువ బావి లేక బోరు లోతెంత, నీటి రంగేమి, తాతగారి కాలమున నది త్రాగుటకు బనికివచ్చెడిదా, ఏ సంవత్సరము మానివైచిరి యని యడిగి తెలిసికొని యొక్క పుటపై వ్రాయును. మొదటి దినమున నది పట్టిక. రెండవ వారమున నొక పిల్లవాడు, “మా ఊరి బావిని గూర్చి నీవు వ్రాసినది తప్పు, అది మా పెదనాయన త్రవ్వించినది” యని దిద్దును. వాదము వచ్చును. ఇద్దరును బోయి పెద్దల నడిగి వత్తురు. ఆధారము చూపినవాని మాట నిలుచును. చరిత్ర యనగా నేమో, సాక్ష్య మనగా నేమో యిరువది పాఠములలో జెప్పలేనిది ఈ తగవులో దెలియును. ఒడిశానుండి వచ్చిన పిల్ల తన ఊరి నీటిని గూర్చి తన లిపిలోనే వ్రాసినను బుట నొచ్చుకొనదు. తెలుగు వచ్చిన తోటిపిల్ల ప్రక్కన గూర్చుండి తెలుగు చేయును. ఆ పిల్ల తరగతిలో మొదటిమారు నోరు విప్పుట యప్పుడే గావచ్చును.

కేరళమువారు ఈ త్రోవను మనకంటె ముందు నడచిరి. 2009లో వారు ‘స్కూల్‌వికీ’ యను పేర మలయాళమున నొక విజ్ఞానకోశమును బ్రారంభించిరి. 15,000కు మించిన బడులు అందు జేరినవి. తమ బడి చరిత్రమును, తమ ఊరి విశేషములను బడులవారే వ్రాయుదురు. దీనిని నడపుటకు వారు ఉచిత సాఫ్టువేరునే కొనిరి—కొనిరనుట పొరపాటు, తీసికొనిరి.

మన యొద్ద వ్రాయదగిన విషయము తక్కువయా? పటాన్‌చెరువు ఒకప్పటి పొట్టలకెరె. కల్యాణి చాళుక్యుల కాలమున రాజనివాసము, జైనులకు బట్టుగొమ్మ. నేడు ఆ పేరు చెప్పిన బిల్లలు ఫ్యాక్టరీల పేర్లు చెప్పుదురు. అందు వారి తప్పు లేదు, వ్రాసి యిచ్చినవారు లేరు.

ఒక జాగ్రత్త మాత్రము విడువరాదు. ఉచితముగా లభించు సాధనములన్నియు నిజముగా నుచితములు కావు. పిల్లల పేర్లు, ఫోటోలు, వారు వ్రాయు మాటలు పరదేశపు కంపెనీల కొట్లలో జేరుచున్నవి. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమును వాడుకొనుటకు దల్లిదండ్రుల యనుమతి గావలయును. రాత్రి షిఫ్టునుండి వచ్చి నిద్రించు తండ్రిచేత దెలియని కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనుట యనుమతి యనిపించుకొనదు. పిల్లలకు అసలు పేరునకు బదులు వరుస సంఖ్య యిచ్చి, పుటను బడి గడప దాటనీయకుండుటయే ప్రస్తుతమునకు మేలు.

ఉపాధ్యాయుని గూర్చి యొక మాట. ఎన్నికల విధులు, జనాభా లెక్కలు, నిత్యము ఫోనులో నింపవలసిన హాజరు పట్టీలు తలపైనుండగా ఆయన యిట్టి పనికి బూనుకొనుట సొంత వేళను వెచ్చించుటయే. కందిలోని ఐ.ఐ.టి. 2008లో స్థాపింపబడినది, అందలి విద్యార్థులు వారమునకొక పూట సమీపమునందలి బడికి వచ్చి యంత్రమును సరిచూచి పోవుట కష్టమా? పారిశ్రామికవాడకు భూములమ్మి స్థితిపరులైన పెద్దలు ఒక వైఫై పెట్టెకును, నాలుగు పాత కంప్యూటర్లకును వెనుదీయుదురా? సంగారెడ్డి పట్టణపు న్యాయవాదులు, వర్తకులు తమ ఊరి బడికి బోయి, ఆ ఉపాధ్యాయుడెవరో కనుగొని, ఆయనకు గావలసినదేమో యాయన నోటనే వినవలయునని కోరుచున్నాము. వేసవి సెలవులు ముగిసి జూన్ నెలలో బడులు తెరువగానే నక్కవాగు పుటతో మొదలుపెట్టవచ్చును. వానలకు ముందు బావుల నీరు చూచుట కదియే తగిన కాలము.