రక్తపరీక్షలో ‘రియాక్టివ్’ అను మాట

గర్భిణికి చేయించిన రక్తపరీక్షలో ‘హెపటైటిస్ సి - రియాక్టివ్’ అని వచ్చినంతనే ఆమె కంచమును, గ్లాసును వేరుపెట్టిన యిండ్లను మేమెరుగుదుము. సహపంక్తి భోజనమువలన ఈ వ్యాధి సోకదు. అంతేకాదు, ఆ మాట వచ్చినంతమాత్రమున వ్యాధి యున్నదని తేలినట్లును కాదు.

ఆ పరీక్ష వైరసును వెదకదు. వైరసు నెదుర్కొనుటకై శరీరము పుట్టించిన యాంటీబాడీలను వెదకును. దొంగ పారిపోయినను కావలివాడు నిలిచియుండవచ్చును గదా! వైరసు సోకినవారిలో నూటికి సుమారు 30 మందికి ఆరు నెలలలో చికిత్స లేకయే అది తొలగిపోవును. యాంటీబాడీలు మాత్రము ఏండ్లతరబడి నిలుచును. మందులతో నయమైనవారి సంగతియు నింతే. తల్లినుండి వచ్చిన యాంటీబాడీలు, వైరసు సోకని బిడ్డలోను సుమారు 18 మాసములవరకు కనబడవచ్చును. ఆలోపల పసివానికి ఈ పరీక్ష చేయించి కన్నీరు పెట్టుకొనుట వ్యర్థము.

ఇక పరీక్షయే పొరబడుటయు కలదు. 1989లో ఈ వైరసు జాడ తెలిసినది. మరుసటి యేడు వాడుకలోనికి వచ్చిన తొలి పరీక్ష రక్తదాతలలో అనేకులను నిష్కారణముగా అనుమానమునకు గురిచేసినది. శరీరము తన కాలేయముమీదనే తిరుగబడు వ్యాధి గలవారి రక్తములో గ్లోబ్యులినులు మిక్కుటముగా నుండును. అవి పరీక్షలోని పదార్థమునకు అంటుకొని లేని వైరసును ఉన్నట్లు చూపెడివి. తరువాతి పరీక్షలు మెరుగైనవి; కాని తప్పు పూర్తిగా పోలేదు.

చిన్న లెక్క చూడుడు. వేయిమందిలో ఐదుగురికే వ్యాధి యున్నదనియు, ఆరోగ్యవంతులలో నూటికొక్కరిని పరీక్ష పొరబాటున పట్టుకొనుననియు అనుకొందము. అప్పుడు ‘రియాక్టివ్’ అనిపించుకొన్న 15 మందిలో ఇంచుమించు పదిమందికి వ్యాధియే లేదు! నూటికి 99 పాళ్లు సరియైన పరీక్ష యిట్లు చేయుట వింతగా తోచును. వ్యాధి అరుదుగా నున్నచోట ఇది తప్పదు.

కావున వైద్యుని అడుగవలసినది ఆర్.ఎన్.ఏ. పరీక్ష. అది వైరసునే వెదకును. డాక్టరుగారు తొందరలో నున్నను సంకోచింపక అడుగుడు. అందు వైరసు లేదని వచ్చినచో అప్పటికి వ్యాధి లేనట్లే. ఇటీవలనే సోకెనేమోయను అనుమానమున్నచో కొన్నాళ్లకు మరల చేయింతురు. ఉన్నదని తేలినను నేడు మాత్రలతో మూడు మాసములలో నూటికి 95 మందికి పైగా నయమగుచున్నది. గర్భిణులకు సాధారణముగా ప్రసవానంతరమే ఆ మందు ప్రారంభింతురు. ఈ రెండు పరీక్షల కాగితములను కలిపి భద్రపరచి, పురిటికి వెళ్లునప్పుడు వెంట తీసికొనిపొండు.