గీజరూ మనిషీ ఒకే గాలి పీల్చకూడదు

అపార్ట్‌మెంట్‌లో మామూలు బాత్రూం ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు అనుకుందాం. అందులో పట్టే గాలి 280 ఘనపుటడుగులు. గోడకు నిమిషానికి ఆరు లీటర్ల నీళ్ళు కాచే గ్యాస్ గీజర్ బిగించారు. చలికాలపు నీళ్ళను స్నానానికి సరిపడా కాచాలంటే అది గంటకు దాదాపు కిలో గ్యాస్ తింటుంది. వంటింటి స్టవ్ మీద ఒక బర్నర్ తినేదానికి ఇది ఐదారు రెట్లు.

పావుగంట స్నానానికి 240 గ్రాముల గ్యాస్ చాలు. కానీ కిలో ఎల్‌పీజీ పూర్తిగా మండాలంటే పదిహేనున్నర కిలోల గాలి కావాలి. ఆ లెక్కన పావుగంటలో మంటకు కావలసిన గాలి సుమారు 110 ఘనపుటడుగులు. తలుపు గడియ పెట్టి, చలిగాలి రాకుండా వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టుకుంటే, గదిలోని ఆక్సిజన్‌లో ఐదింట రెండు వంతులు ఆ మంటకే కావాలి. మిగిలిన గాలిలో మనిషి స్నానం చేయాలి.

అయితే అసలు ప్రమాదం ఆక్సిజన్ తగ్గడంతోనే ఆగదు. గాలి సరిపోయినంతసేపు గ్యాస్ మండి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అవుతుంది. గాలిలో 21 శాతం దాకా ఉండే ఆక్సిజన్ రెండు మూడు శాతం తగ్గిందంటే మంట సగం సగం మండడం మొదలుపెట్టి, కార్బన్ మోనాక్సైడ్ పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. ‘గ్యాస్ వాసనేమీ రాలేదే’ అనే మాట ఇక్కడే మోసం చేస్తుంది. ఎల్‌పీజీకి ఆ ఘాటు వాసన మెర్కాప్టన్ అనే రసాయనం కలపడం వల్ల వస్తుంది. లీకైతే అది పట్టిస్తుంది. మంటలో మాత్రం అదీ మండిపోతుంది కాబట్టి బయటకొచ్చే విషవాయువుకు వాసన ఉండదు.

ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం వరసగా వస్తాయి. కాళ్ళలో సత్తువ పోతుంది, ఆలోచన మందగిస్తుంది. తలుపు గడియ చేతికి అందేంత దూరంలోనే ఉన్నా తీయాలని తోచదు. ఇలా బాత్రూంలో ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి ఆస్పత్రికి చేరే రోగులను చూసి మన దేశంలోని నరాల వైద్యులు దీనికి ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు.

1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ తయారుచేసిన మొదటి గ్యాస్ గీజర్‌కు పొగగొట్టం లేదు. ఇవాళ మన మార్కెట్లో అమ్మే చిన్న గీజర్లలోనూ చాలావాటికి లేదు. పైనున్న చీలికల్లోంచి వేడి వాయువులు నేరుగా గదిలోకే వస్తాయి. ఇలాంటివి బాత్రూంలో పెట్టకూడదు.

పొగగొట్టం ఉన్నంత మాత్రాన నిశ్చింతా కాదు. గొట్టంలోని వేడి వాయువు బయటి గాలికన్నా తేలిక కాబట్టి పైకి లేస్తుంది. వాయువు 150 డిగ్రీల వేడిలో ఉన్నా, మీటరు ఎత్తు గొట్టంలో పుట్టే ఒత్తిడి తేడా మూడు పాస్కల్స్ పైచిలుకే. వాతావరణ పీడనం లక్ష పాస్కల్స్ ఉంటుందంటే ఇదెంత బలహీనమైన లాగుడో ఊహించుకోవచ్చు. కిటికీలు, తలుపులు బిగించిన గదిలో చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ అంతకన్నా గట్టిగా లాగుతుంది. గాలి వచ్చే దారి వేరే లేకపోతే ఫ్యాన్ ఆ గొట్టంలోంచే గాలి లాక్కుంటుంది. బయటికి పోవలసిన పొగ వెనక్కి గదిలోకి దిగుతుంది. మంచికని వేసిన ఫ్యానే ముప్పు తెస్తుందన్నమాట. అందుకే పొగ పోయే దారి ఎంత ముఖ్యమో, కింది నుంచి తాజా గాలి వచ్చే దారీ అంతే ముఖ్యం. ఒకటి మూసుకుంటే రెండోది పనిచేయదు.

దీన్ని అగరుబత్తితో పరీక్షించవచ్చు. పొగగొట్టం ఉన్న గీజర్‌ను ఐదు నిమిషాలు మండనిచ్చి, గొట్టం మొదట్లో మూకుడులా ఉండే భాగం అంచు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోవాలి. పొగ లోపలికి పీల్చుకుపోతే లాగుడు ఉన్నట్టు. మొహం మీదికి తన్నుకొస్తే వెంటనే గీజర్ ఆపి, కిటికీలు తెరిచి, మెకానిక్‌ను పిలవాలి.

గొట్టం బిగించేటప్పుడూ కొన్ని సంగతులు చూడాలి. ముందు నిట్టనిలువుగా కొంత ఎత్తు లేచాకే మలుపు తిప్పాలి. మలుపులు ఎంత తక్కువైతే అంత మంచిది. లోహపు గొట్టమే వాడాలి, పీవీసీ వేడికి మెత్తబడుతుంది. కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా పుడుతుంది కాబట్టి, అది గొట్టంలో చల్లబడి బర్నర్ మీదికి కారకుండా చూసుకోవాలి. గొట్టం చివర వానకు టోపీ, పావురాలకు జాలీ తప్పనిసరి. వేసవంతా వాడని గొట్టంలో పావురం పుల్లలు పేర్చి గూడు కట్టిందంటే, నవంబరులో మొదటి స్నానానికే పొగ లోపలికి తిరుగుతుంది. అన్ని ఫ్లాట్ల బాత్రూం వెంటిలేటర్లూ తెరుచుకునే ఇరుకు డక్ట్‌లోకి గొట్టం వదిలితే మన పొగ పైయింటివాళ్ళు పీలుస్తారు.

వీటన్నిటికన్నా సులువైన మార్గం గీజర్‌ను బాల్కనీలోనో, గాలి ధారాళంగా ఆడే యుటిలిటీలోనో పెట్టి, వేడినీళ్ళ పైపు మాత్రం లోపలికి తెచ్చుకోవడం. పైపు పొడవైతే మొదట ఒకటి రెండు చెంబుల చల్లనీళ్ళు వస్తాయి. నష్టం అంతే. అద్దె ఇంట్లో గీజర్ ఇప్పటికే లోపల ఉంటే, దాన్ని బయటికి మార్పించేదాకా తలుపూ వెంటిలేటరూ తెరిచి బకెట్లు నింపుకుని, గీజర్ ఆపి, లోపలి గాలి బయటికి పోయాకే స్నానానికి వెళ్ళాలి. ఎర్రగా, పసుపుగా మారిన మంట, గీజర్ పైభాగాన మసి కనిపిస్తే దాన్ని వాడకూడదు. అయితే మంట నీలంగా ఉన్నంత మాత్రాన మోనాక్సైడ్ లేదని కాదు. గ్యాస్ లీకును పట్టే అలారం మోనాక్సైడ్‌ను పట్టదు, దానికి వేరే అలారం ఉంటుంది.

లోపలికి వెళ్ళిన మనిషి పిలిస్తే పలకకపోతే తలుపు పగలగొట్టి, ముందు బయటి గాలిలోకి లాగండి. వీలైతే సిలిండర్ కట్టేయండి, మీరు లోపల నిలబడకండి. 108కి ఫోన్ చేయండి. మనిషి లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే. మామూలు గాలి పీలిస్తే రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆస్పత్రిలో ఇచ్చే ఆక్సిజన్‌తో గంటా గంటన్నర చాలు. కరోనా రోజుల్లో కొన్న ఆక్సిమీటర్ వేలికి పెట్టి 98 చూపించిందని ధైర్యపడొద్దు. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌నూ అది ఆక్సిజన్‌తో నిండినదానిగానే లెక్కిస్తుంది. అందుకే ‘బాత్రూంలో పడిపోయారు’ అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, ‘గ్యాస్ గీజర్ మండుతుండగా పడిపోయారు’ అని డాక్టరుకు చెప్పండి. ఏ రక్తపరీక్ష చేయించాలో ఆ మాటను బట్టే ఆయనకు తెలుస్తుంది.