గుంజ కాళ్ళు చూశారా?

"పైకి పెళ్ళికొడుకులా ఉందమ్మా. కాళ్ళే అటుకులైపోయాయి."

ఆ మాటంటూనే మేస్త్రి ఉయ్యాల గుంజ మొదట్లో, సరిగ్గా నేల తగిలే చోట స్క్రూడ్రైవర్ ఆనించి నొక్కారు. బలం పెట్టింది కూడా లేదు. అరటిపండుకు అగరవత్తి గుచ్చినట్టు నాలుగు వేళ్ళ లోతు దిగిపోయింది. బయటికి తీస్తే మొనకు గోధుమరంగు ముద్ద అంటుకుని వచ్చింది. వాసన చూస్తే వానాకాలపు పుట్టగొడుగు వాసన. అంతకు పది నిమిషాల ముందే ఆ ఉయ్యాల మీద ఇద్దరు పిల్లలు నిలబడి ఊగారు. వాళ్ళలో ఒకరు మా పాప.

కాకినాడలో మా అపార్ట్‌మెంట్ వెనక చిన్న పార్కు ఉంది. చెక్క ఉయ్యాల, పక్కనే పిల్లలెక్కే చెక్క కోట, తాళ్ళ నిచ్చెన. పెట్టి ఆరేళ్ళయింది. ఏటా సంక్రాంతి ముందు అందరం చందాలేసుకుని రంగు వేయిస్తున్నాం. ఎర్రగా, పచ్చగా నిగనిగలాడుతుంటే బాగానే చూసుకుంటున్నాం అనుకున్నాం. ఆ రంగు కిందే గుంజ కుళ్ళింది. కుళ్ళడానికి ఆ రంగు సాయం కూడా ఉందని తరవాత తెలిసింది.

మన ఊళ్ళలో బడుల్లో, అపార్ట్‌మెంట్లలో చెక్క ఆటసామాను మళ్ళీ కనిపిస్తోంది. కనిపించాలి కూడా. మే నెలలో పదింటికే ఇనుప జారుడుబల్ల మీద చెయ్యి పెట్టలేం. ప్లాస్టిక్ కొన్నేళ్ళ ఎండకు పెళుసెక్కి పగులుతుంది. కర్ర ఒళ్ళు కాల్చదు, విరిగిన పలక ఒక్కటే మార్చుకోవచ్చు. కానీ ముచ్చటపడి తెచ్చుకున్న కర్రను కాచుకోవడం మాత్రం మనకింకా అలవాటు కాలేదు.

నేల కొరికే చోటు

కర్ర పుచ్చేది తడిసినందుకు కాదు, తడిసి ఆరనందుకు. దాన్ని తినేది శిలీంధ్రం. దానికి తిండి, గాలి, వెచ్చదనం, తేమ నాలుగూ కావాలి. మొదటి మూడూ మన దగ్గర ఏడాది పొడుగునా ఉన్నవే. మన చేతిలో ఉన్నది నాలుగోది. ఎండు కర్ర బరువులో తేమ 20 శాతం దాటనంత కాలం శిలీంధ్రానికి పట్టు దొరకదు.

గుంజ పైభాగం ఎండకూ గాలికీ ఆరిపోతుంది. బాగా లోతున తడి ఉన్నా గాలి ఆడదు. వెనిస్ నగరం నీళ్ళలోకి దిగ్గొట్టిన కర్ర గుంజల మీద వందల ఏళ్ళుగా నిలబడి ఉన్నది అందుకే. నేలమట్టానికి అటూ ఇటూ జానెడు మేర మాత్రం తడీ ఉంటుంది, గాలీ ఉంటుంది. పాత కంచె గుంజ ఎప్పుడు విరిగినా అక్కడే విరుగుతుంది.

మేం చేసిన పెద్ద పొరపాటు కాంక్రీటు. గట్టిగా ఉంటుందని గుంజను గుంటలో నిలబెట్టి చుట్టూ పోయించాం. ఎండలకు కర్ర కుంచించుకుంటే దానికీ కాంక్రీటుకూ నడుమ వెంట్రుకవాసి సందు పడుతుంది. వాన నీళ్ళు అందులోకి దిగుతాయి. బయటికి దారి ఉండదు. "గ్లాసులో నీళ్ళు పోసి అందులో కర్ర నిలబెట్టారమ్మా" అన్నారు మేస్త్రి. పైగా చుట్టూ దట్టంగా వేసిన రంగు ఆ తడిని కర్రలోంచి ఆవిరి కానివ్వలేదు.

ఇంకో సంగతి ఆయన గుంజ తలమీద చెయ్యి పెట్టి చూపించారు. కర్ర ఎక్కువగా నీళ్ళు తాగేది పక్కల నుంచి కాదు, కొసల నుంచి. చెట్టుగా ఉన్నప్పుడు వేరు నుంచి ఆకుకు నీళ్ళు మోసిన గొట్టాలు కోసిన కొసలో నోళ్ళు తెరుచుకునే ఉంటాయి. అందుకే గుంజ తలను ఏటవాలుగా కోయాలి, లేదా రేకు టోపీ తొడగాలి. బోల్టు కోసం వేసిన ప్రతి బెజ్జమూ అలాంటి నోరే. కొత్తగా ఎక్కడ కోసినా, బెజ్జం వేసినా, ఆ చోట ముందు నూనె తాగించి తరవాతే బిగించాలి.

తెలుగువాడి మందు

కర్రకు ఆయుష్షు పోసే పనిలో ప్రపంచానికి దారి చూపినవాడు మన తెలుగువాడే. శొంఠి కామేశం. దేహ్రాదూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి ఒక మందు తయారుచేశారు. 'ఆస్క్యూ' అన్న పేరుతో అది వాడుకలోకి వచ్చింది. రాగి శిలీంధ్రాన్ని ఆపుతుంది, ఆర్సెనిక్ చెదను ఆపుతుంది. అసలు తెలివి క్రోమియంలో ఉంది. నీళ్ళలో కలిపి ఎక్కించే లవణాలు వానకు మళ్ళీ కడుక్కుపోతాయి. క్రోమియం ఆ రెంటినీ కర్ర నారకు పట్టించి ఉంచుతుంది. ఉక్కు సిలిండర్లో కర్రను పెట్టి, ఒత్తిడితో ఈ ద్రావణాన్ని లోపలికి ఎక్కిస్తారు. స్తంభాలు, వంతెన దూలాలు, ఆ తరవాత ఇళ్ళ వరండాలు, పిల్లల పార్కులు, ఎక్కడ చూసినా ఆ లేత ఆకుపచ్చ కర్రే.

చిక్కు వచ్చింది పిల్లల దగ్గర. పిల్లల చెయ్యి కర్ర మీంచి తిన్నగా నోట్లోకి పోతుంది. కర్ర పైపొర నుంచి కొద్దికొద్దిగా ఆర్సెనిక్ ఆ చేతికి అంటుతుందని తేలింది. అమెరికాలో ఇళ్ళకూ ఆటస్థలాలకూ ఈ మందు ఎక్కించిన కర్ర తయారీని 2003 డిసెంబరు 31తో కంపెనీలు ఆపేశాయి. మరుసటి ఏడు ఐరోపాలోనూ కట్టడి వచ్చింది. కామేశం గారి పనికి ఇది మచ్చ కాదు. స్తంభానికి పుట్టిన మందును పిల్లల అరచేతి కిందికి తెచ్చినవాళ్ళు ఆలోచించాల్సింది. అప్పటికే ఉన్న ఉయ్యాలలను పీకెయ్యక్కర్లేదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ చెప్పింది. లోపలికి ఇంకే నూనె పూతను కనీసం ఏడాదికోసారి వేస్తే చాలావరకు కాపు అంది.

కాబట్టి కొనేటప్పుడే ఈ కర్రకు ఏ మందు ఎక్కించారని అడగాలి. జవాబు చెప్పలేని దుకాణం నుంచి కొనకపోవడమే మంచిది. మందు ఎక్కించిన పాత కర్రను పొయ్యిలో మాత్రం పెట్టకూడదు, పొగలోనూ బూడిదలోనూ ఆ విషం ఉంటుంది. ఆటస్థలాల కర్రకు దాని బదులు వచ్చిన మందుల్లో ఆర్సెనిక్ లేదు గానీ రాగి పాలు ఎక్కువ. అది మామూలు మేకును తొందరగా తినేస్తుంది. జింకు పూత దట్టంగా ఉన్న బోల్టులో, స్టెయిన్‌లెస్ స్టీలువో వాడాలి. మా కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో మందు ఎక్కించని కర్రకైనా ఇదే మాట.

చేవ చూసి, నూనె పట్టించి

మన వడ్రంగులు ఈ రసాయనాలేవీ లేకుండానే ఎండావానలకు నిలిచే పనిముట్లు చేశారు. వాళ్ళు ముందు చూసేది చేవ. నాగలికీ బండి చక్రానికీ తుమ్మ. గుమ్మాలకు టేకు, వేప. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు. ఉలికి ఇట్టే లొంగే ఆ మెత్తని కర్రలను ఇంట్లో అలమరలోకే గానీ వాకిట్లోకి వాడలేదు. 'టేకే కదా' అని నిశ్చింతగా ఉండకూడదు. టేకు బలమంతా లోపలి చేవలో ఉంటుంది. బయటి తెల్లకర్రను చెద మామిడి చెక్కను తిన్నట్టే తింటుంది. ఐరోపా ఆటస్థలాల్లో ఏ మందూ లేకుండా రొబీనియా చెట్టు కర్రను ఎక్కువగా వాడతారు. అక్కడా నమ్మకం చేవ మీదే.

ఇక రంగా, నూనా? నా ఓటు నూనెకే. వార్నిషూ ఎనామిలూ కర్ర మీద తొక్కలా కూర్చుంటాయి. కర్ర ఉబ్బినప్పుడూ కుంచించుకున్నప్పుడూ ఆ తొక్క చిట్లుతుంది, చిట్లిన చోట నీళ్ళు దూరి లోపలే ఉండిపోతాయి. బయటి వాడకానికి అమ్మే, లోపలికి ఇంకే నూనె పూత అలా చెయ్యదు. పల్చబడితే కడిగి, ఆరబెట్టి మళ్ళీ పూయడమే. ఎప్పుడు పూయాలో తెలుసుకోవడం తేలిక. కర్ర మీద కాసిని నీళ్ళు చిలకరించండి. తామరాకు మీదలా ముత్యాలు కడితే ఇంకా బలం ఉన్నట్టు. ఇంకిపోయి నల్లమచ్చ పడితే వేళయినట్టు. ఎండకు కర్ర బూడిదరంగు తిరిగితే మాత్రం కంగారొద్దు. అది పైపొర సంగతే, పుచ్చు కాదు.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట పరవాలి. రెండోది, కాలిన ఇంజన్ ఆయిల్. చెద రాదని ఊళ్ళలో గుంజలకు పూస్తుంటారు. అందులో క్యాన్సర్ తెచ్చే పదార్థాలుంటాయి, పిల్లలు ముట్టే కర్రకు అది తగలనివ్వకూడదు. పాత రంగు గోకేటప్పుడు కూడా దుమ్ము లేవకుండా తడిపి రుద్దండి. రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరు 1 నుంచి. అంతకు ముందు వేసిన రంగుల్లో ఎంత ఉందో ఎవరు చూశారు?

రోహిణిలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి

ఐరోపా ప్రమాణం ఈఎన్ 1176 ఆటసామానుకు మూడు రకాల తనిఖీలు చెబుతుంది. తరచుగా కంటిచూపు, ఒకటి నుంచి మూడు నెలలకోసారి చేతితో పరీక్ష, ఏడాదికోసారి పూర్తి తనిఖీ. మన వానల లెక్కకు నేను దాన్ని ఇలా మార్చుకున్నాను. రోహిణి కార్తెలో, మృగశిర చినుకు పడకముందు ఒకసారి. వానలు వెనకపట్టాక కార్తీకంలో ఒకసారి.

రోహిణిలో రోళ్ళే పగులుతాయంటారు, ఇక కర్రెంత! బాగా ఎండి కుంచించుకోవడంతో బోల్టులన్నీ వదులవుతాయి. అవి బిగించాలి. నిలువునా పారే సన్నని పగుళ్ళు గుంజ బలాన్ని పెద్దగా తగ్గించవు. ఆకాశంవైపు నోరు తెరిచిన పగుళ్ళు, వేలు ఇరుక్కునేవి మాత్రం వదలకూడదు. పేళ్ళు లేచిన చోట ఉప్పుకాగితంతో రుద్ది, నీరెండలో నూనె పట్టించాలి. ఉయ్యాల గొలుసు కొక్కేలు లోపలివైపు అరుగుతాయి, గొలుసు ఎత్తి చూస్తే గానీ కనపడవు. కటకటాల్లో ఒక్క చెక్క ఊడినా ఆ రోజే వేయించండి. మూడున్నర నుంచి తొమ్మిది అంగుళాల సందు చాలా ప్రమాదం. పిల్లవాడి ఒళ్ళు దూరుతుంది, తల దూరదు.

కార్తీకంలో పాచి పని. మెత్తని బ్రష్షు, సబ్బునీళ్ళు చాలు. ప్రెషర్ పంపుతో కొడితే కర్ర నార లేచిపోతుంది. ఉయ్యాల కింద పిల్లల పాదాలు రాసి గుంట పడుతుంది. నీళ్ళు నిలిచేదీ అక్కడే, ఇసుక పల్చబడేదీ అక్కడే. నాలుగడుగుల ఎత్తు నుంచి పడినా కాపాడాలంటే కింద తొమ్మిది అంగుళాల వదులు ఇసుక ఉండాలని అమెరికా ఆటస్థలాల మార్గదర్శకాలు చెబుతాయి. మా గుంటలో కొలిస్తే రెండంగుళాలు!

ఈ రెండు తనిఖీల నడుమ ప్రకృతే ఒక కబురు పంపుతుంది. తొలివాన సాయంత్రం దీపాల చుట్టూ ఉసుళ్ళు ముసిరాయంటే దగ్గర్లో చెదపుట్ట ఉన్నట్టే. మర్నాడు పొద్దున్నే గుంజ మొదళ్ళు చూడాలి, మట్టి గీతలేమైనా పైకి పాకుతున్నాయేమోనని. దూలానికి వేలు పట్టేంత గుండ్రని చిల్లు, దాని కింద రంపపు పొట్టు కనిపిస్తే అది నల్ల తుమ్మెద గూడు. అది ఎగిరిపోయాక చిల్లులో చెక్కమేకు కొట్టి మూసెయ్యొచ్చు.

మా ఉయ్యాల తాళ్ళు ఆ రోజే విప్పేశాం. మేస్త్రి పుచ్చిన మేర కోసేసి, కోసిన కొసలను రాత్రంతా నూనె బేసిన్లో నిలబెట్టారు. పొద్దున్నకి బేసిన్లో నూనె సగానికి దిగింది. పాత కాంక్రీటు తవ్వించి, కొత్తదాన్ని నీళ్ళు బయటికి జారేలా వాలుగా పోయించి, అందులో ఇనుప షూలు దించి వాటి మీద గుంజలు నిలబెట్టారు. ఇప్పుడు కర్ర ఎక్కడా నేలను తాకదు. కోసిన ముక్క ఒకటి మా పాప అడిగి తీసుకుంది. రంగు వైపు పట్టుకుని చూస్తే కొత్తదానిలా ఉంది, తిప్పి నొక్కితే పొడి.

వాచ్‌మన్ గదిలో తాళాల గుత్తి పక్కన మేకుకు ఒక స్క్రూడ్రైవర్ వేలాడదీశాం. దాని కింద నోటుబుక్కు, చూసిన తేదీ రాయడానికి. జూన్‌లో తొలివాన పడిన రాత్రి వీధిదీపం కింద ఉసుళ్ళు రాశులుగా రాలాయి. పొద్దున్నే పాప నాకంటే ముందే దిగి, తడి ఇసుకలో గొంతుక్కూర్చుని టార్చి వేసి చూస్తోంది. నేనూ పక్కన వంగాను. గుంజ అడుగుకూ నేలకూ మధ్య రెండంగుళాల సందులోంచి అవతలి గడ్డి కనిపించింది.