పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దలకు – పక్కింటివారితో పరిచయం

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దలు ప్రయాణానికి ముందు మన ఆసుపత్రికి వస్తుంటారు. బి.పి., షుగరు చూపించుకుని, ఉన్నన్ని నెలలకూ సరిపడా మాత్రలు కొనుక్కుని వెళతారు. తిరిగి వచ్చాక మళ్ళీ చూపించుకుంటారు. అప్పుడు మా సిస్టర్లతో వారిలో చాలామంది చెప్పే మాట ఒకటే. "పిల్లలు బాగానే చూసుకున్నారమ్మా, కానీ పగలంతా పలకరించే మనిషి లేడు." ఈసారి దాని గురించే రాస్తున్నాము.

ఒంటరితనాన్ని మనసుకు సంబంధించిన చిన్న బాధగా కొట్టిపారేయకూడదు. 2023లో అమెరికా ప్రభుత్వపు ప్రధాన వైద్యాధికారి, అంటే సర్జన్ జనరల్, దీనిపై ఒక హెచ్చరిక పత్రం విడుదల చేశారు. నలుగురితో సంబంధాలు లేకపోవడం వల్ల ప్రాణానికి వచ్చే ముప్పు రోజుకు 15 సిగరెట్లు తాగినంత ఉండవచ్చని అందులో ఉంది. పెద్దవారిలో ఎంతోకాలం సాగే ఒంటరితనం మతిమరుపు జబ్బు వచ్చే అవకాశాన్ని సుమారు 50 శాతం పెంచవచ్చని కూడా ఉంది. మా అనుభవంలోనూ, దిగులుతో ఉన్నవారే మాత్రలు వేళకు వేసుకోరు, సరిగా తినరు, నడవరు.

"తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉన్నారు కదా" అని పిల్లలు అంటారు. ఉన్నారు, సంతోషమే. కానీ తెలుగు ఆరాధనకైనా, తెలుగువారి ఇంట్లో పుట్టినరోజుకైనా కారులో తీసుకువెళ్ళేవారు ఉండాలి. అది శని, ఆదివారాల మాట. సోమవారం ఉదయం పదింటికి మీకు కనిపించేది పక్కింటివారు, ఎదురింటివారు, పార్కులో నడిచేవారు. వారు తెలుగువారు కాకపోవచ్చు. కాబట్టి వారెవరో తెలుసుకోవడమే మందు అని మా అభిప్రాయం.

కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీనే తీసుకోండి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. శాన్ హోసే, సన్నీవేల్, మిల్పీటస్, కూపర్టీనో వంటి 15 ఊళ్ళు కలిసి ఈ కౌంటీ. తెలుగు పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేసే సిలికాన్ వ్యాలీ ఇదే. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 19 లక్షల పైచిలుకు జనం. అందులో ఏ ఒక్క జాతివారూ సగం లేరు. ఇంట్లో ఇంగ్లీషు కాక మరో భాష మాట్లాడేవారే సగానికి పైగా ఉన్నారు. "నాకు ఇంగ్లీషు రాదు, ఎవరితో మాట్లాడను?" అని బెంగపడే అమ్మలు ఇది గుర్తుంచుకోవాలి. ఎదురింటి చైనా అవ్వకూ ఇంగ్లీషు రాకపోవచ్చు. ఆమె కూడా మనవడి కోసం వచ్చి, మీలాగే కిటికీలోంచి చూస్తూ ఉండవచ్చు!

కంప్యూటర్లు రాకముందు ఆ ప్రాంతమంతా పండ్ల తోటలే. మన పెద్దల్లో వ్యవసాయం చేసినవారికి ఇది వింటే ఉత్సాహంగా ఉంటుంది. ఆప్రికాట్, ప్రూన్ తోటల్లో జపాన్, పోర్చుగల్, మెక్సికో దేశాల నుంచి వచ్చినవారు చెమటోడ్చారు. శాన్ హోసేలో జపాన్‌టౌన్ అనే పేట ఇప్పటికీ ఉంది. అమెరికా మొత్తంలో ఇలాంటివి మూడే మిగిలాయి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వుతో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్ళు, పొలాలు వదిలించి శిబిరాల్లో పెట్టారు. వారిలో ఎక్కువమంది అమెరికాలో పుట్టిన పౌరులే. ఆ వీధుల్లో కనబడే వృద్ధుల్లో పసితనంలో ఆ శిబిరాలు చూసినవారు ఉండవచ్చు. వారికి నమస్కారం పెట్టేటప్పుడు ఇది తెలిసి ఉంటే మంచిది.

వియత్నాంవారు 1975లో సైగాన్ పతనమైన తరువాత వచ్చినవారు, వారి పిల్లలు. శాన్ హోసే స్టోరీ రోడ్డు మీద వారి దుకాణాలు, హోటళ్ళు బారులు తీరి ఉంటాయి. వారిదీ అన్నం తినే ఇల్లే. మెక్సికోవారి కొట్లలో చింతపండు, కొత్తిమీర, పచ్చిమిర్చి దొరుకుతాయి. వారు చింతపండుతో షర్బత్ కూడా చేస్తారు. ఎవర్‌గ్రీన్ అనే చోట కొండమీద సిక్కుల గురుద్వారా ఉంది. అక్కడ ఎవరు వెళ్ళినా ఉచితంగా భోజనం పెడతారు. తల కప్పుకోవాలి, అది మన సంఘంలోని అమ్మలకు కొత్త కాదు. నాలుగు హిందీ ముక్కలు వచ్చినా చాలు. ఇక ఆసుపత్రికి వెళితే ఫిలిప్పీన్స్ నర్సులు కనబడతారు. కాలిఫోర్నియాలో వారు చాలామంది ఉన్నారు. మాకు ఈ సంగతి కాస్త గర్వంగానే ఉంటుంది, ఎంతైనా మా వృత్తివారు కదా!

ఆరోగ్యం విషయానికి వద్దాము. ఉదయం పార్కుల్లో చైనా పెద్దలు గుంపుగా, నెమ్మదిగా చేతులు కాళ్ళు కదుపుతూ చేసేది తాయ్ చీ. అది పెద్దవారు కిందపడే ప్రమాదాన్ని తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. వెనుక వరసలో నిలబడి చూస్తూ చేయండి, మాట అవసరం లేదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ముందుగా డాక్టరుగారిని అడగాలి. చాలా ఊళ్ళలో వృద్ధుల కోసం సీనియర్ సెంటర్లు ఉంటాయి. ప్రభుత్వ సహాయంతో 60 ఏళ్ళు దాటినవారికి మధ్యాహ్న భోజనం పెట్టే పథకం ఆ దేశంలో 1972 నుంచి ఉంది. తోచినంత చందా ఇవ్వవచ్చు. షుగరు ఉన్నవారు అన్నం, నూడుల్స్ తగ్గించి కూరలు ఎక్కువ తినాలి. ఈ జబ్బు మనవారికే పరిమితం కాదు. ఆసియావారికి తక్కువ బరువు ఉన్నప్పుడే షుగరు పరీక్ష మొదలుపెట్టాలని అమెరికా డయాబెటిస్ సంఘం 2015లో సూచించింది. అందుకని చైనా, ఫిలిప్పీన్స్ పెద్దలతో కూర్చున్నా చివరికి మాట షుగరు మీదికే వస్తుంది.

కొన్ని మర్యాదలు మాత్రం గమనించాలి. చెప్పకుండా ఇంటికి వెళ్ళకూడదు. జీతం, వయసు, పెళ్ళి సంగతులు అడగకూడదు. ముద్దుగా ఉన్నారని ఇతరుల పిల్లలను ఎత్తుకోవడం, బుగ్గలు గిల్లడం అక్కడ బాగుండదు. పులిహోర, గారెలు పంచాలనిపిస్తే ముందు వేరుశెనగ, జీడిపప్పు పడతాయో లేదో అడిగి తెలుసుకోండి. కొందరికి అవి తింటే ప్రాణం మీదికి వస్తుంది.

పిల్లలకు ఒక మాట. అమ్మానాన్నలు దిగిన మొదటి వారంలోనే రెండు పక్కల ఇళ్ళకూ తీసుకువెళ్ళి పరిచయం చేయండి, మీ ఫోను నెంబరు వారికి ఇవ్వండి. మీరు ఆఫీసులో ఉండగా నాన్నగారు మెట్ల మీద పడితే మొదట చేరుకోగలిగేది వారే.

పెద్దలు ఒక కాగితం మీద ఇంటి అడ్రసు, పిల్లల నెంబర్లు, వాడే మందుల పేర్లు ఇంగ్లీషులో రాయించుకుని జేబులో పెట్టుకోండి. మన ఒ.పి.లో సిస్టర్లను అడిగితే రాసి ఇస్తారు. ఆపద వస్తే 911కు ఫోను చేసి "తెలుగు" అని చెప్పండి, ఫోను పెట్టేయకుండా ఉంటే అనువాదం చేసేవారిని కలుపుతారు. ఆ కాగితం వెనుక పక్కింటివారి పేరు, తలుపు నెంబరు కూడా రాసుకోండి.