మ్యావ్... నా బొంత ఉతికారా?

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. పడుకున్న చోటు మురికైనా, ప్రమాదం అనిపించినా కూనల్ని నోట కరచుకుని మరో చోటుకు మార్చేస్తుంది. పెంకుటిళ్లూ గడ్డివాములూ ఉన్న రోజుల్లో దానికి చోట్లకేం కొదవ? ఇప్పుడు తెనాలి అపార్ట్‌మెంట్లో పెరిగే పిల్లికి ఏడిళ్లెక్కడివి? ఉన్నదొకటే బొంత. అది మార్చుకోలేదు కాబట్టి మార్చాల్సింది మనమే!

పిల్లి రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రలోనే ఉంటుంది. పాత నేతచీర మడిచి కుట్టిన బొంతయినా, అట్టపెట్టెలో వేసిన తువ్వాలయినా దానికి అదే పట్టుపరుపు. ఊడిన వెంట్రుకలు, చుండ్రు, ఒళ్లు నాకినప్పుడు అంటిన లాలాజలం అన్నీ అక్కడే చేరతాయి. పిల్లి దగ్గరకొస్తే కొందరికి తుమ్ములెందుకో తెలుసా? వెంట్రుకల వల్ల కాదు. దాని లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రొటీన్ వల్ల!

కాపురం బొంతలోనే

ఒంటిమీద గెంతే చిన్న నల్లపురుగుల్ని ఇళ్లలో పేలనీ పిడుదులనీ అంటుంటారు. పశువైద్యులకు అవి ఫ్లీలు. ఆడ ఫ్లీ రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. అవి వెంట్రుకలకు అంటుకోవు, జారి బొంతలో పడతాయి. పిల్లలయ్యేదీ, గూడు కట్టుకునేదీ అక్కడే. అందుకే పిల్లికి ఎంత మందు వేసినా, బొంత ఉతక్కపోతే కథ మళ్లీ మొదటికే!

అనుమానముంటే ఓ చిన్న పరీక్ష. బొంతను తెల్లకాగితం మీద దులపండి. రాలిన నల్లనలుసుల మీద నీటిచుక్క వేస్తే ఎర్రగా మారిందా? అది ఫ్లీల రెట్ట, అంటే పిల్లి రక్తమే. బియ్యపుగింజల్లాంటివి కనిపిస్తే బద్దెపురుగు ముక్కలు కావచ్చు. ఒళ్లు నాకుతూ ఫ్లీని మింగితే ఆ పురుగు పిల్లి కడుపులో చేరుతుంది.

మూడూళ్లు... ఒకటే తేమ

ఫ్లీ గుడ్లకూ పిల్లలకూ తేమ అంటే ప్రాణం. పొడివేడి అంటే గండం. తెనాలిలో ఊరి మధ్యనే కాలువలు, బాపట్లకు సూర్యలంక నుంచి సముద్రపుగాలి, రేపల్లె చుట్టూ వరిచేలు. తేమకు కరువే లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి ముసురు రోజుల్లో మందపాటి బొంత ఆరనే ఆరదు. లోపలే ముక్కిపోతుంది. అందుకే వానాకాలానికి ఒక లావు బొంత బదులు మూడు పల్చటి గుడ్డలు మేలు. త్వరగా ఆరతాయి. ఆరాక రెండువైపులా వేడి ఇస్త్రీ చేస్తే ఎండ లేని లోటు కొంత తీరుతుంది.

ఉతికేదిలా...

* వారానికోసారి ఉతకాలి. ముందు ఇంటి బయట దులిపి, వెంట్రుకలు తీసేయాలి.
* రక్తం, వాంతి మరకలుంటే ముందు చన్నీళ్లలో జాడించాలి. వేడినీళ్లు పోస్తే మరక ముదురుతుంది.
* తర్వాత 60 డిగ్రీల వేడినీటిలో సబ్బుపొడితో ఉతికి, నురగ లేకుండా రెండుమూడుసార్లు జాడించాలి.
* తిరగేస్తూ రెండువైపులా ఎండబెట్టాలి.
* బొంత ఉన్న చోట నేల, మూలలు, పగుళ్లు కూడా ఊడ్చి తుడవాలి.
* అన్నీ ఒకేరోజు ఉతక్కండి. తన వాసన లేని చోట పడుకోవడానికి పిల్లి వెనకాడవచ్చు. ఒకటి ఉతికితే ఒకటి ఉంచండి.

ఘుమఘుమలొద్దు

వాసన పోవాలని ఫినాయిల్ చల్లడం, బొంత మడతల్లో కలరా ఉండలు పెట్టడం కొన్ని ఇళ్లలో అలవాటు. పిల్లికి ఇవి విషం. ఫినాయిల్లోని రసాయనాలను విరిచేసే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. పైగా ఒంటికంటిన ప్రతిదాన్నీ నాకేస్తుంది. కర్పూరం, నీలగిరి తైలం కూడా వద్దు. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందు పిల్లి బొంత మీద చల్లితే ప్రాణానికే ముప్పు. సబ్బు, వేడి, ఎండ... ఈ మూడూ చాలు.

బొంత చెప్పే కబురు

ఎప్పుడూ లేనిది పిల్లి బొంత మీదే మూత్రం పోస్తోందా? కొట్టకండి. అది పొగరు కాదు, జబ్బు కావచ్చు. ముఖ్యంగా మగపిల్లి పదేపదే కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదకొస్తుంది. రేపు చూద్దామనుకోకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

ఇంతకీ మీ పిల్లి తన బొంత వదిలేసి మీ మంచమెక్కుతోందా? ఓసారి ఆ బొంత వాసన చూడండి. ఏడిళ్లు లేని పిల్లికి మిగిలిన రెండో ఇల్లు మీ దుప్పటే మరి!